జెనీవా పంచాయితీ: ఓవర్సీస్ బాస్కెట్‌బాల్‌లో జీతం ఆగితే బ్యాట్ ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో ఏటా పిలిచే పేర్లు 60కి మించవు. అమెరికా కాలేజీల్లో మొదటి శ్రేణి జట్లే 350 పైచిలుకు. మిగిలినవాళ్ళలో ఆట మీదే బతకాలనుకున్నవాడు విమానం ఎక్కాల్సిందే: ఇటలీ, టర్కీ, గ్రీసు, పోలండ్, ఇజ్రాయెల్, చైనా, ఫిలిప్పీన్స్, ఎక్కడ పిలిస్తే అక్కడికి. కైల్ హైన్స్ అలా వెళ్ళినవాడే. 2008లో అతన్ని ఎవరూ డ్రాఫ్టు చేయలేదు. 1.98 మీటర్ల ఎత్తు సెంటర్ (బుట్ట దగ్గర నిలబడే పొడుగు ఆటగాడి స్థానం) ఆడేవాడికి పొట్టి కిందే లెక్క. ఇటలీ రెండో డివిజన్‌లో వెరోలీకి, జర్మనీలో బాంబెర్గ్‌కి ఆడి, గ్రీసు క్లబ్బు ఒలింపియాకోస్‌లో రెండు, రష్యా క్లబ్బు సీఎస్‌కేఏ మాస్కోలో రెండు, ఐరోపా క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్‌లో మొత్తం నాలుగు టైటిళ్ళు గెలిచాడు. ఓవర్సీస్ కెరీర్ అనగానే అందరూ చెప్పుకునేది ఇలాంటి కథలే. వాటిలో రానిది జీతం పడే తేదీ. ఒప్పందంలో 15వ తారీఖని ఉంటుంది, 15 పోతుంది, 30 పోతుంది, క్లబ్బు మేనేజరు ఫోన్ ఎత్తడు.

అలాంటప్పుడు అక్కరకొచ్చే సర్వీసు ఒకటుంది. దాని పేరు బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్, పొట్టి పేరు బ్యాట్. మనకు ఆ మాట వినగానే క్రికెట్ గుర్తొస్తుంది కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా దీన్ని 2007లో ఫిబా ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ పేరుతో నడపడం మొదలుపెట్టింది, 2011లో ఇప్పటి పేరు పెట్టింది. చట్టం దృష్టిలో దీని చోటు జెనీవా. ఇప్పటికి వెయ్యికి పైగా కేసులు చూసింది. తీర్పులు చాలావరకు బయటపెడతారు కాబట్టి ఆర్బిట్రేటర్లు (కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తులు) ఏ వాదనకు ఎలా స్పందిస్తారో ముందే చదువుకోవచ్చు. మొదటి ప్రెసిడెంటు కెనడా లా ప్రొఫెసర్ రిచర్డ్ మెక్‌లారెన్. 2016లో రష్యా డోపింగ్ మీద రిపోర్టు ఇచ్చింది ఆయనే.

అసలు విషయం ముందే చెప్పేస్తే: ఇది మంచి సర్వీసు, కానీ గొడవ వచ్చాక కొనేది కాదు. సంతకం పెట్టిన రోజే కొనాలి. కాంట్రాక్టులో బ్యాట్ క్లాజు లేకపోతే, తర్వాత అవతలివాడు ఒప్పుకుంటే తప్ప ఈ గుమ్మం ఎక్కలేరు. డబ్బు ఎగ్గొట్టినవాడు ఎందుకు ఒప్పుకుంటాడు?

దీని పద్ధతి తెలుగువాళ్ళకు చప్పున అర్థమవుతుంది. ఆర్బిట్రేటరు ‘ఎక్స్ ఎక్వో ఎట్ బోనో’ ప్రకారం తీర్పు ఇస్తారు. ఏ దేశపు కార్మిక చట్టంలో ఏ సెక్షను ఏమంటుందో పక్కన పెట్టి, ఇద్దరి మధ్య ఏది న్యాయమో, ఏది ధర్మమో చూసి చెప్పడమన్నమాట. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చేసేది అదే. తేడాలు రెండున్నాయి. ఇక్కడ పెద్దమనిషి ఒక్కరే, ఆయన మొహం ఇరుపక్షాలూ ఎప్పటికీ చూడకపోవచ్చు. వ్యవహారమంతా ఇంగ్లిష్ కాగితాల మీద, ఈమెయిల్లో నడుస్తుంది. విచారణకు పిలవడం అరుదు. ఇంకో తేడా, ఈ పంచాయితీకి కోరలున్నాయి. ఆ సంగతి తర్వాత. న్యాయం, ధర్మం అన్నారు కదా అని కష్టాలు ఏకరువు పెడితే పని జరగదు. రాసుకున్న మాట నిలబెట్టుకోవాలన్నదే వాళ్ళు మొట్టమొదట చూసే ధర్మం. కాబట్టి కాంట్రాక్టులో ఏముందన్నదే ముక్కాలు వంతు కేసు.

క్లాజును దగ్గరగా చూద్దాం. బ్యాట్ తన నిబంధనల్లో ఒక నమూనా ఇస్తుంది. అందులో ముక్కలు ఇవి: ఈ ఒప్పందం నుంచి పుట్టే, దీనికి సంబంధించిన ప్రతి వివాదమూ జెనీవాలోని బ్యాట్‌కు వెళ్ళాలి, బ్యాట్ నిబంధనల ప్రకారం, బ్యాట్ ప్రెసిడెంటు నియమించిన ఒక్క ఆర్బిట్రేటరు తీర్చాలి, చోటు జెనీవా, స్విట్జర్లాండ్ అంతర్జాతీయ ప్రైవేటు చట్టం 12వ అధ్యాయం వర్తిస్తుంది, పార్టీలు ఏ దేశంలో ఉన్నా సరే, భాష ఇంగ్లిష్, ఆర్బిట్రేటరు ఎక్స్ ఎక్వో ఎట్ బోనో తీర్పు ఇవ్వాలి. ఆరు ముక్కలు, ఒక పేరా. దీన్ని ఉన్నదున్నట్టు దించుకోవాలి. సొంత తెలివి పెట్టకూడదు.

తేడా కొట్టేది సరిగ్గా ఇక్కడే. కొందరు ‘ఫిబా నిబంధనల ప్రకారం పరిష్కరించుకోవాలి’ అని రాసి వదిలేస్తారు. అది బ్యాట్ అవునో కాదో తేల్చడానికే నెలలు పడుతుంది. కొందరు ‘ముందు దేశవాళీ ఫెడరేషన్ కమిటీకి, ఆ తర్వాత బ్యాట్‌కు’ అంటారు. కమిటీలో కూర్చునేది ఆ దేశపు క్లబ్బుల మనుషులే అయితే మొదటి సీజను అక్కడే అయిపోతుంది. ‘పంపాలి’ అనే చోట ‘పంపవచ్చు’ అని రాస్తే అవతలి లాయరు ఊళ్ళో కోర్టుకు లాగుతాడు. చివరి ముక్క, ఎక్స్ ఎక్వో ఎట్ బోనో, మర్చిపోయినా కేసు నడుస్తుంది, కానీ అప్పుడు ఏ దేశపు చట్టం అన్న చర్చ మొదలై ఖర్చు పెరుగుతుంది. రెండు భాషల్లో ఉన్న కాంట్రాక్టు అయితే ‘తేడా వస్తే ఇంగ్లిష్ ప్రతే చెల్లుతుంది’ అన్న లైను ఉండి తీరాలి. ఇక్కడ ఒక కాగితం చూపించి అక్కడ దిగాక ఇంకో భాషలో ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకోవడం గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళకు తెలియని విద్య కాదు. ఆరున్నర అడుగుల అమెరికన్ కూడా దాని కింద పడుతుంటాడు.

ఇంకో గొయ్యి రెండు కాంట్రాక్టుల పద్ధతి. ఫెడరేషన్‌లో దాఖలు చేయడానికి తక్కువ మొత్తంతో ఒకటి, మిగతా డబ్బుకు ‘ఇమేజ్ రైట్స్’ (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకునే హక్కు) పేరుతో ఇంకోటి. రెండోది ఒక్కోసారి క్లబ్బు పేరు మీద కాకుండా వేరే కంపెనీ పేరు మీద ఉంటుంది. మొదటిదాంట్లో బ్యాట్ క్లాజు శుభ్రంగా ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. డబ్బులో ఎక్కువ వాటా ఉన్నది రెండోదాంట్లోనే. మందు సులువే: రెండింటిలోనూ అదే క్లాజు పెట్టాలి, రెండూ కలిపి ఒకే ఒప్పందమని ఒక వాక్యం రాయాలి, రెండో కంపెనీ బాకీకి క్లబ్బు పూచీ ఉంటుందని ఇంకో వాక్యం రాయాలి.

ఏజెంటు సంగతీ ఇంతే. ఐరోపాలో ఏజెంటు కమిషన్ మామూలుగా జీతంలో 10 శాతం, అదీ క్లబ్బే కడుతుంది. ఆటగాడి కాంట్రాక్టులో ‘ఏజెంటుకు ఇంత’ అని రాసినంత మాత్రాన సరిపోదు. ఏజెంటు కూడా పార్టీగా సంతకం చేయాలి, లేదా విడిగా ఒప్పందం, అందులోనూ క్లాజు. తన కమిషన్ ఆగిన ఏజెంటు ఆటగాడి బకాయి గురించి గట్టిగా మాట్లాడకుండా క్లబ్బుతో లోపాయికారీగా సర్దుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వచ్చే ఏడాది అదే క్లబ్బుకు ఇంకో ఇద్దరు కుర్రాళ్ళను పంపాల్సింది అతనే కదా. ఫిబా లైసెన్సు ఉన్న ఏజెంటును పెట్టుకోమనేది ఇందుకే. బ్యాట్ తీర్పు ఏజెంటు మీద వచ్చి అతను కట్టకపోతే లైసెన్సుకే ఎసరు.

ఇక జీతం ఆగినప్పుడు పాటించాల్సిన వరస. మంచి కాంట్రాక్టులో రెండు గడువులుంటాయి: ఇన్ని రోజులు ఆలస్యమైతే ప్రాక్టీసుకు, మ్యాచ్‌కు రానక్కర్లేదు, ఇంకా ఇన్ని రోజులు దాటితే ఒప్పందం రద్దు చేసుకుని మిగతా సీజను డబ్బు మొత్తం అడగొచ్చు. మొదటిది 10, 15 రోజులు, రెండోది 30 రోజులు కనిపిస్తుంటాయి. గడువు దాటిన మర్నాడే సామాను సర్దుకుని ఇంటికి పోకూడదు. ఎక్కువమంది కేసు పాడుచేసుకునేది ఇక్కడే. ముందు రాతపూర్వకంగా నోటీసు, అందులో బకాయి ఎంత, ఏ వాయిదాలు, కట్టడానికి ఎన్ని రోజులు ఇస్తున్నారో స్పష్టంగా. కాంట్రాక్టులో నోటీసు ఏ అడ్రసుకు, ఏ ఈమెయిలుకు పంపాలో రాసి ఉంటే అక్కడికే. కోచ్‌కు వాట్సాప్ మెసేజి పెట్టి నోటీసు ఇచ్చానంటే వాదన బలహీనపడుతుంది. ఆ గడువూ దాటాక రద్దు లేఖ. నోటీసు లేకుండా వెళ్ళిపోతే క్లబ్బే ఎదురు కేసు వేస్తుంది. బ్యాట్ రెండువైపులా కోసే కత్తి: ఆటగాళ్ళ మీద క్లబ్బులు గెలిచిన కేసులూ ఉన్నాయి.

కేసు వేయడం చెప్పుకోదగ్గంత తేలిక. లాయరు తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. ‘రిక్వెస్ట్ ఫర్ ఆర్బిట్రేషన్’ అనే పిటిషనులో వాస్తవాలు, అడిగే మొత్తం, జత చేసే కాగితాలు, అన్నీ ఒకేసారి పెట్టాలి. తర్వాత చూద్దాంలే అనుకున్న కాగితానికి తర్వాత చోటు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, ఎందుకంటే చాలా కేసుల్లో ఇరువైపులా ఒక్కో విడత వాదనలతోనే ముగించేస్తారు. దాంతోపాటు తిరిగిరాని హ్యాండ్లింగ్ ఫీజు కట్టాలి. అడిగే మొత్తాన్ని బట్టి శ్లాబులు. చాలా ఏళ్ళు అడుగు శ్లాబు 1,500 యూరోలు, పది లక్షల యూరోలు దాటిన కేసుకు 7,000 ఉండేది. వేసే ముందు బ్యాట్ సైట్‌లో తాజా పట్టిక చూసుకోవాలి.

ఫీజుతో అయిపోదు. ఆర్బిట్రేటరును నియమించాక ఖర్చుల కింద అడ్వాన్సు అడుగుతారు, మామూలుగా చెరిసగం. డబ్బు ఎగ్గొట్టిన క్లబ్బు తన సగం కడుతుందనుకోవడం అత్యాశ. అది కట్టకపోతే కేసు ఆగిపోతుంది, లేదా ఆటగాడే ఆ సగమూ కట్టి నడిపించుకోవాలి. తీర్పులో ఆ డబ్బు క్లబ్బు నుంచి తిరిగి ఇప్పిస్తారు, కానీ ముందు జేబులోంచి పెట్టాలి. నాలుగు నెలలుగా జీతం లేనివాడికి వేల యూరోలు ముందు పెట్టమనడం ఈ సర్వీసులో పెద్ద లోపం. లాయరు ఖర్చుల్లో కూడా ఇంతవరకే ఇప్పిస్తామని శ్లాబుల వారీగా పరిమితి ఉంది. బకాయి మూడు నాలుగు వేల డాలర్లే అయితే ఈ దారి గిట్టుబాటు కాదు. అంత చిన్న మొత్తానికి ఏజెంటు చేత నాలుగు ఫోన్లు చేయించడమే మేలు.

వేగం విషయంలో మాత్రం వంక పెట్టలేం. వాదనలు ముగిసి, అడ్వాన్సు జమయ్యాక ఆరు వారాల్లో తీర్పు ఇవ్వాలన్నది నియమం. చిన్న మొత్తాల కేసుల్లో కారణాలు రాయకుండా తీర్పు మాత్రమే ఇస్తారు, కారణాలు కావాలంటే అదనంగా కట్టి అడగాలి. పరాయి దేశపు లేబర్ కోర్టులో, తెలియని భాషలో, వాయిదాల మీద వాయిదాలతో తిరగడంతో పోలిస్తే ఇది పరుగు పందెమే. అప్పీలుకు స్విస్ ఫెడరల్ కోర్టు ఉంది, 30 రోజుల గడువు, కానీ ఆ కోర్టు తీర్పులో న్యాయం ఉందా లేదా అని మళ్ళీ తూచదు. అధికార పరిధి, విచారణ సక్రమంగా జరిగిందా లాంటి కొద్ది కారణాలే చూస్తుంది. కాబట్టి క్లబ్బుకు అప్పీలుతో కాలయాపన చేయడం కష్టం.

ఎంత వస్తుందో ఒక లెక్కతో చూద్దాం. జీతం పన్నులు పోను 1,20,000 డాలర్లు, సెప్టెంబరు నుంచి జూన్ వరకు ప్రతి 15వ తారీఖున 12,000 చొప్పున పది వాయిదాలు అనుకుందాం. మూడు పడ్డాయి. డిసెంబరు, జనవరి పడలేదు. నోటీసు ఇచ్చి, గడువు ఇచ్చి, ఫిబ్రవరి 10న రద్దు చేసుకున్నాడు. బకాయి 24,000. మిగిలిన ఐదు వాయిదాలు 60,000. మార్చి నుంచి మే వరకు ఇంకో దేశంలో నెలకు 9,000 చొప్పున ఆడాడు, 27,000 వచ్చింది. ఆ 27,000 మిగిలిన 60,000 లోంచి తీసేస్తారు, పాత బకాయి లోంచి కాదు. అంటే 33,000, దానికి 24,000 కలిపితే 57,000. దాని మీద ఏడాదికి 5 శాతం వడ్డీ బ్యాట్‌లో ఆనవాయితీ, అంటే ఏడాది ఆలస్యానికి 2,850 డాలర్లు. కొత్త ఉద్యోగం వెతక్కుండా ఇంట్లో కూర్చున్నా పూర్తి 60,000 వస్తుందనుకోకూడదు. ప్రయత్నిస్తే ఎంత సంపాదించి ఉండేవాడో ఆర్బిట్రేటరు అంచనా వేసి తగ్గించవచ్చు. కొత్త క్లబ్బు కాంట్రాక్టు దాచిపెట్టినా బయటపడుతుంది, ఆర్బిట్రేటరు నేరుగా అడుగుతారు.

‘ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 డాలర్ల జరిమానా’ అని కాంట్రాక్టుల్లో రాస్తారు. చూడ్డానికి బాగుంటుంది. 300 రోజులయితే 30,000, పై లెక్కలో ఉన్న 24,000 బకాయి కంటే ఎక్కువ. అలా అసలును మించిన కొసరును ఆర్బిట్రేటరు యథాతథంగా ఇప్పించరు, న్యాయమనిపించే మేరకు కోసేస్తారు. న్యాయం ధర్మం అన్న పద్ధతి ఆటగాడికి అడ్డొచ్చే చోటు ఇది. ఆ లైను కాంట్రాక్టులో ఉండటం మంచిదే, దాని మీద ఇల్లు కొనుక్కోవద్దు.

ఇప్పుడు కోరల సంగతి. తీర్పు ఇచ్చినంత మాత్రాన డబ్బు రాదు. ఇలాంటి తీర్పుల్ని పరాయి దేశాల్లోనూ గుర్తించే 1958 న్యూయార్క్ కన్వెన్షన్ అనే ఒప్పందం కింద ఈ తీర్పును ఆయా దేశాల కోర్టుల్లో అమలుచేయించుకోవచ్చు, కానీ బ్యాట్ అసలు బలం అది కాదు. తీర్పు పాటించని క్లబ్బు మీద ఫిబా జరిమానా వేస్తుంది, కొత్త ఆటగాళ్ళను రిజిస్టరు చేసుకోకుండా నిషేధిస్తుంది. నిషేధం పడిన క్లబ్బుల జాబితాను బహిరంగంగా పెడుతుంది. వచ్చే సీజనుకు ఇంకో ఇద్దరు అమెరికన్లను తెచ్చుకుందామనుకున్న క్లబ్బుకు ఈ దెబ్బ నేరుగా తగులుతుంది. ఆగస్టులో కొత్త ఇంపోర్టు (విదేశీ ఆటగాడి) రిజిస్ట్రేషను ఆగిపోతే, రెండేళ్ళ కిందటి బాకీకి అప్పటిదాకా లేని డబ్బు ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది. ఆటగాడు కొనుక్కుంటున్నది తీర్పు కాగితం కాదు, ఆ నిషేధం.

దాన్నిబట్టే ఇది ఎక్కడ పనిచేయదో కూడా తెలుస్తుంది. వచ్చే ఏడాది ఆడాలని, విదేశీ ఆటగాళ్ళు కావాలని ఉన్న క్లబ్బు మీద బాగా పనిచేస్తుంది. మూతపడిన క్లబ్బు మీద అస్సలు పనిచేయదు. స్పాన్సరు తప్పుకుని, దివాలా తీసి, అవే రంగులతో, అదే హాల్లో, అదే అభిమానులతో, కొత్త కంపెనీ పేరుతో మళ్ళీ పుట్టుకొచ్చే క్లబ్బులున్నాయి. కొత్తది పాతదానికి వారసురాలేనని నిరూపించే బరువు ఆటగాడి మీద పడుతుంది. అందుకే సంతకానికి ముందు కాంట్రాక్టులో ఉన్న పేరు చూడాలి. స్పాన్సరు పేరుతో కలిసిన జట్టు పేరు కాదు, రిజిస్టరైన కంపెనీ పేరు, నంబరు, అడ్రసు. అప్పుడే ఫిబా నిషేధ జాబితాలో ఆ క్లబ్బు పేరు వెతకాలి. పది నిమిషాల పని. ఆ జాబితాలో ఉన్న క్లబ్బు ఎంత జీతం ఇస్తానన్నా అది నోటిమాటే.

మార్కులు వేయాలంటే వేగానికి 5కి 4, ఖర్చుకు రెండున్నర, వసూలుకు మూడు. వసూలు మార్కు బ్యాట్‌ది కాదు, మీరు ఎంచుకున్న క్లబ్బుది.

బ్యాట్ దాకా వెళ్ళకుండానే కాంట్రాక్టులో సర్దుకోవాల్సినవి కొన్నున్నాయి. దిగిన 48 లేదా 72 గంటల్లో మెడికల్ చేయించాలి, చేయించకపోతే పాసైనట్టే అని రాయించుకోవాలి. లేకపోతే రెండు మ్యాచ్‌లు సరిగా ఆడకపోగానే ‘ఫిజికల్‌లో ఫెయిలయ్యాడు’ అన్న సాకు దొరుకుతుంది. గాయం, ఫామ్ లేమి కారణంగా తీసేయడానికి వీల్లేని గ్యారంటీ కాంట్రాక్టని మాటలు స్పష్టంగా ఉండాలి. ఫ్లాటు, కారు, రానుపోను టికెట్లు ఎన్ని, ఏ తరగతి, భార్యాపిల్లలకు ఉన్నాయా, కరెంటు బిల్లు ఎవరిది, అన్నీ రాయాలి. వీటన్నిటికీ బ్యాట్‌లో డబ్బు లెక్క కట్టి ఇప్పించిన తీర్పులున్నాయి. ఎన్‌బీఏ నుంచి పిలుపొస్తే వెళ్ళే ‘ఎన్‌బీఏ అవుట్’ కావాలంటే తేదీ, బైఅవుట్ (మధ్యలో వెళ్ళిపోయేందుకు క్లబ్బుకు కట్టే) మొత్తం రాసుకోవాలి. అన్ని చోట్లా ఇవ్వరు. 2011లో ఆటగాళ్ళతో పేచీ వచ్చి యజమానులు లీగును ఆపేసిన ఎన్‌బీఏ లాకౌట్ అప్పుడు చైనా లీగ్ ఆ వెసులుబాటే లేదంది. అక్కడికి వెళ్ళిన జే.ఆర్. స్మిత్, విల్సన్ చాండ్లర్ లాంటివాళ్ళు లాకౌట్ ముగిసినా సీజనయ్యేదాకా ఉండాల్సివచ్చింది.

పన్ను మాట కూడా ఒకటి, ఎందుకంటే బ్యాట్‌లో తరచూ అడిగేవాటిలో ట్యాక్స్ సర్టిఫికెట్ ఒకటి. ‘నెట్’ జీతం అంటే ఆ దేశపు పన్ను క్లబ్బు కడుతుందని. కానీ అమెరికా పౌరుడు ఎక్కడ సంపాదించినా అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు లెక్క చెప్పాలి. అక్కడ పిల్లల్ని కాలేజీ బాస్కెట్‌బాల్‌కు పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఇది కొత్తేమీ కాదు. విదేశీ సంపాదనకు ఫారం 2555 కింద మినహాయింపు ఉంది, 2025కి 1,30,000 డాలర్లు. అర్హతకు ఒక దారి, వరుసగా 12 నెలల్లో 330 పూర్తి రోజులు విదేశంలో ఉండటం. అంటే ఇంట్లో 35 రోజులే. సీజను పది నెలలు, వేసవి రెండు నెలలు ఇంటి దగ్గర గడిపే ఆటగాడు ఈ లెక్కలో తప్పుతాడు. అప్పుడు ఆ దేశంలో కట్టిన పన్నుకు క్రెడిట్ అడగాలి, దానికి పన్ను నిజంగా కట్టారన్న సర్టిఫికెట్ కావాలి. క్లబ్బు కట్టలేదని అప్పుడు తెలుస్తుంది. కాంట్రాక్టులో ఏ తేదీలోగా సర్టిఫికెట్ ఇస్తారో రాసుంటే బ్యాట్ ఇప్పిస్తుంది, లేకపోతే బతిమాలుకోవాలి.

చివరగా సీజను మధ్యలో క్లబ్బు ముందుకు తోసే ఒక పేజీ కాగితం: టెర్మినేషన్ అగ్రిమెంటు. ‘రావాల్సిన మొత్తం బదులు 25,000 ఇస్తాం, మూడు వాయిదాల్లో, ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ హక్కులూ లేవు, సంతకం పెడితే లెటర్ ఆఫ్ క్లియరెన్స్ రేపే వస్తుంది.’ క్లియరెన్స్ అంటే వేరే దేశంలో ఆడేందుకు అనుమతి కాగితం, అది లేనిదే ఇంకో దేశంలో ఆడలేడు కాబట్టి కుర్రాడు సంతకం పెట్టేస్తాడు. ఆ కాగితం పాత కాంట్రాక్టును, అందులోని బ్యాట్ క్లాజుతో సహా, మింగేస్తుంది. 25,000లో మొదటి వాయిదా వచ్చి ఆగిపోతుంది, మిగతాదానికి వెళ్ళే చోటు ఊళ్ళో కోర్టు. రాజీ పడాల్సివస్తే పడొచ్చు, కానీ రెండు వాక్యాలు రాయించుకున్నాకే: కొత్త కాగితంలోనూ బ్యాట్ క్లాజు పూర్తిగా, ఏ ఒక్క వాయిదా తప్పినా పాత మొత్తమంతా వెంటనే బాకీ పడుతుందని. క్లబ్బు అవి రాయనంటే, నోటీసూ రద్దు లేఖా వరసగా పంపి ఉన్న ఆటగాడు సంతకం పెట్టకుండానే ఎయిర్‌పోర్టుకు బయల్దేరవచ్చు. క్లియరెన్స్ ఇవ్వాల్సింది క్లబ్బు కాదు, ఆ దేశపు ఫెడరేషన్, అడిగిన ఏడు రోజుల్లో. అదీ కాదంటే నిర్ణయం ఫిబాది.